పుట్టుమచ్చలు రాసిన కాగితం

పదో తరగతి సర్టిఫికెట్‌లో గుర్తింపు చిహ్నాలని ఒక చిన్న వరుస ఉంటుంది. కుడి మోచేతి మీద పుట్టుమచ్చ, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ అని రాసి ఉంటుంది. కర్నూలు జిల్లా ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో చదువుకున్నవాళ్ళకు ఆ వరుస నింపిన రోజు గుర్తుండే ఉంటుంది. నామినల్ రోల్స్ రాసేటప్పుడు అయ్యవారు ఒక్కొక్కరినే బల్ల దగ్గరికి పిలిచి మచ్చలు చూపించమంటాడు. మచ్చ కనపడని పిల్లవాడికి చిన్నప్పుడు పడ్డ దెబ్బ గుర్తే దిక్కు. ఆ పిల్లవాడి చెయ్యి అప్పటికే పత్తి తీసి, మిరపకాయలు కోసి, మగ్గం మీద పోగు అతికి ఉంటుంది. జీవితాంతం వెంట వచ్చే కాగితంలో ఆ చేతి మీది మచ్చకు చోటు దొరికింది, ఆ చేతి పనికి దొరకలేదు.

ఆ పక్కనే పుట్టిన తేదీ. ఈ పక్క జూన్ ఒకటినో, జూలై ఒకటినో పుట్టినవాళ్ళు అన్ని తరగతుల్లోనూ కనిపిస్తారు. బడిలో చేర్చేనాటికి ఐదేళ్ళు నిండాలి. తల్లికి గుర్తున్నదల్లా పీర్ల పండగకు ముందనో, ఆ యేడు వాన పడలేదనో. అయ్యవారు లెక్క కట్టి ఒక తేదీ వేశాడు. యాభై ఏళ్ళు దాటాక ఉద్యోగ విరమణ తేదీని నిర్ణయించేది ఆ తేదీయే. నిజమైన తేదీ ఎవరికీ తెలియదు, కాగితం మీది తేదీని ఎవరూ మార్చలేరు. ఒక మనిషి గురించి సర్టిఫికెట్లు, రెజ్యూమేలు ఏం చెబుతాయి, ఏం దాస్తాయి అన్న ప్రశ్నను పెద్ద నగరాల ఆఫీసుల్లో కూర్చుని చాలామంది చర్చించారు. ఆ ప్రశ్నను ఆదోని మార్కెట్ యార్డు నుంచి, ఎమ్మిగనూరు మగ్గం గుంత నుంచి, కోసిగి వైపు పల్లెల నుంచి చూస్తే వేరే కొన్ని సంగతులు బయటపడతాయి.

జాబ్ మేళా ఉందంటే జిరాక్సు షాపుల ముందు గుంపు. కంప్యూటర్‌లో రెజ్యూమే నమూనా ఒకటి ఎప్పటి నుంచో ఉంటుంది. పేరు, తండ్రి పేరు, మార్కులు మార్చి ప్రింటు తీస్తారు. పైన ఆబ్జెక్టివ్ అని నాలుగు ఇంగ్లీషు వాక్యాలు, కింద హాబీలు, చివర ‘పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను’ అనే వాక్యం. మతం, కులం, పెళ్ళయిందా లేదా, తండ్రి వృత్తి కూడా కొన్నిటిలో ఉంటాయి. పెళ్ళి సంబంధాలకు పంపే బయోడేటా, ఉద్యోగానికి పంపే బయోడేటా ఒకే కడుపున పుట్టాయి కదా. ఎక్స్‌పీరియన్స్ దగ్గరికి వచ్చేసరికి అందరిదీ ఒకటే మాట: ఫ్రెషర్.

నా మనసు అక్కడే ఆగిపోతుంది. పశ్చిమ కర్నూలులో ఇరవై ఏళ్ళు నిండిన పేదింటి బిడ్డ దేనికి ఫ్రెషర్?

సుగ్గి అనే మాట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల వేళ, సంబరాల వేళ. ఆదోని, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల్లో మాత్రం సుగ్గికి పోవడమంటే ఇంటికి తాళం వేసి వలస పోవడం. ఇక్కడివి వాన మీద ఆధారపడ్డ చేలు. తుంగభద్ర దిగువ కాలువ ఉందిగానీ చివరి భూములకు నీళ్ళు రావడం గగనం. ఖరీఫ్ పంట చేతికొచ్చినా, చేనులోనే ఎండినా, దీపావళి దాటేసరికి పల్లెలు ఖాళీ అవుతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతకు, తెలంగాణ జిల్లాలకు కుటుంబాలు కుటుంబాలే లారీలెక్కుతాయి. ఉగాదికి ముందు వెనకలుగా తిరిగొస్తాయి. ముసలివాళ్ళు ఊళ్ళో ఉంటారు. చంటిపిల్లలను చూసుకోవడానికి పదేళ్ళ పిల్ల బడి మానుకుని వెంట పోతుంది. పిల్లలను ఊళ్ళోనే నిలపడానికి ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళు పెట్టింది. అవి తెరిచే నాటికి లారీలు వెళ్ళిపోతే ఆ యేడు పోయినట్టే.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత దాదాపు 60 శాతం, ఆడవాళ్ళలో సగానికి కొంచెం తక్కువ. పడమటి మండలాల పరిస్థితి ఇంకా కింద. ఈ అంకెలు తెలియని కంపెనీవాడు రెజ్యూమేలో రెండేళ్ళ ఖాళీ చూస్తే ఇతను సోమరా, పరీక్ష తప్పాడా అని అనుకుంటాడు. చదువు ఆగిన ఏళ్ళకు లెక్క చెప్పడానికి స్టడీ గ్యాప్ సర్టిఫికెట్ కూడా ఒకటుంది, మీసేవలో దరఖాస్తు పెట్టాలి. చదవలేదని చెప్పే ఆ కాగితం, ఆ రెండేళ్ళూ ఏం చేశాడో చెప్పదు. ఆ రెండేళ్ళలో ఆ కుర్రాడు గుంపు మేస్త్రి పక్కన కూర్చుని పదిహేను మంది కూలి లెక్కలు రాసి ఉండవచ్చు. తూకంలో మోసం జరిగితే భాష యాస కూడా వేరైన ఊళ్ళో రైతుతో మాట్లాడి తేల్చుకుని ఉండవచ్చు. ఇంటి నుంచి నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో గుడారం వేసి, జ్వరం వచ్చిన చెల్లెల్ని తెలియని ఆసుపత్రికి తీసుకుపోయి ఉండవచ్చు. ఇవన్నీ పట్నంలో మేనేజ్‌మెంట్ చదివిన పిల్లవాడి రెజ్యూమేలో ఉంటే వాటికి పెద్ద పెద్ద ఇంగ్లీషు పేర్లుండేవి.

కాగితం మనిషి గురించి ఏం చెబుతుందన్న ప్రశ్నకు ఆర్థికశాస్త్రంలో పునాది వేసినవాడు మైకేల్ స్పెన్స్. 1973లో రాసిన వ్యాసానికి గాను 2001లో నోబెల్ అందుకున్నవారిలో ఒకడు. చదువు మనిషికి ఏమీ నేర్పకపోయినా సరే, డిగ్రీ ఒక సంకేతంగా పనిచేస్తుందని అతని వాదన. సమర్థుడికి డిగ్రీ తెచ్చుకోవడం తేలిక, అసమర్థుడికి కష్టం. అందుకే డిగ్రీ చూస్తే ఎవరెవరో యజమానికి తెలుస్తుందంటాడు. వాదన ఎంత సొగసుగా ఉన్నా కోసిగి పొలిమేరకు వచ్చేసరికి విరిగిపోతుంది. ఇక్కడ చదువు కష్టమైంది బుర్ర లేనివాడికి కాదు, నీళ్ళు లేని చేను ఉన్నవాడికి. కాలువ మొదట్లో ఉన్న ఊరి పిల్లవాడికి, చివర్లో ఉన్న ఊరి పిల్లవాడికి ఒకే మార్కు వచ్చిందంటే ఆ మార్కులు రెండూ ఒకటి కావు. మెమోలో అవి ఒక్కలాగే అచ్చవుతాయి.

కాగితం మీది సంవత్సరం కూడా తెలిసినవాడికే మాట్లాడుతుంది. 2020లో కరోనా వల్ల పదో తరగతి పరీక్షలు రద్దయి అందరూ పాసయ్యారు, 2021లోనూ అంతే. 2022లో పరీక్షలు జరిగితే రాష్ట్రంలో ఉత్తీర్ణత 67 శాతం చిల్లరకు పడిపోయింది. ఆ పిల్లల్లో రెండేళ్ళలో అంత తేడా రాలేదు. ఆ మధ్యలో వాళ్ళు చూసిన తరగతి గదులెన్ని, ఇంట్లో ఫోన్లెన్ని అన్నది మారింది.

ఇక సరిహద్దు సంగతి. ఆదోని వాసులకు బళ్ళారి రెండు గంటల దారి. బట్టలకు, ఆసుపత్రికి, పిల్లనివ్వడానికి, చదువుకు అటు పోవడం తాతల నాటి అలవాటు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని బళ్ళారి జిల్లాలోనే ఒక తాలూకా. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. మనుషుల చుట్టరికాలు అలాగే ఉన్నాయి, కాగితాలు మాత్రం విడిపోయాయి. 1973లో వచ్చిన 32వ రాజ్యాంగ సవరణతో 371-డి అధికరణం చేరింది. దాని కింద 1974, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు స్థానికత నిర్వచించాయి. అర్హత పరీక్షకు ముందు ఏడేళ్ళలో ఎక్కడ చదివాడన్నదాని మీద లోకలా నాన్‌లోకలా తేలుతుంది. మేనమామ ఇంట్లో ఉండి బళ్ళారిలో చదువుకున్న ఆదోని పిల్లవాడు పుట్టిన ఊళ్ళోనే స్థానికేతరుడయ్యే ప్రమాదం ఉంది. వెనకబడ్డ ప్రాంతాల ఉద్యోగాలు ఆ ప్రాంతాలవాళ్ళకే దక్కాలని తెచ్చిన న్యాయమైన ఏర్పాటే అది, దాన్ని తీసెయ్యమని నేననను. కానీ ఆ స్టడీ సర్టిఫికెట్ల కట్ట చెప్పేది బడి ఎక్కడుందో మాత్రమే. మనిషి ఎక్కడివాడో వాటిలో వెతకడం తప్పు.

ఇంతకంటే లోతైన కేసు వాల్మీకులని కూడా పిలిచే బోయలది. ఈ పడమటి మండలాల్లో వాళ్ళ జనాభా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో మైదాన ప్రాంతపు బోయలు బీసీ-ఏ. ఏజెన్సీ ప్రాంతాల వాల్మీకులు మాత్రం ఎస్టీ. తుంగభద్ర దాటి కర్ణాటకలోకి పోతే బేడ, వాల్మీకి పేర్లు నాయక వర్గంతో పాటు 1991 నుంచి ఎస్టీ జాబితాలో ఉన్నాయి. అంటే ఇచ్చిపుచ్చుకునే రెండు కుటుంబాలు, ఒకే ఇలవేల్పు, ఒకే పెళ్ళి పందిరి, అయినా పిల్లల చేతుల్లో వేర్వేరు కుల ధ్రువీకరణ పత్రాలు. ఇక్కడి బోయలను ఎస్టీలో చేర్చాలని రాష్ట్ర అసెంబ్లీ 2017లో ఒకసారి, 2023లో మరొకసారి తీర్మానించి కేంద్రానికి పంపింది. తమ వాటా తగ్గుతుందని ఏజెన్సీ గిరిజన సంఘాలు గట్టిగా అడ్డుచెప్పాయి. ఎవరి వాదన ఎంత నిజమన్నది ఒక వ్యాసంలో తేలేది కాదు. ఒక్క సంగతి మాత్రం ఆ పత్రాలు ఒప్పుకుని తీరాలి. పత్రం మీది వర్గం ఆ ఇంటి పేదరికాన్ని కొలిచి రాసింది కాదు. ఆ కుటుంబం సరిహద్దు గీతకు ఏ పక్కన మిగిలిందో చూసి రాసింది.

గీతలు పేర్లలో కూడా ఉంటాయి. ఉరుకుందప్ప, ఈరన్న అన్న పేరు వింటే మనవాళ్ళకు అడ్రసు అక్కర్లేదు, కౌతాళం మండలం ఉరుకుంద ఈరన్న స్వామి మొక్కుబడి బిడ్డ. రాఘవేంద్ర అంటే మంత్రాలయం. హుసేనప్ప, దస్తగిరి, మౌలాలి అన్న పేర్లు సీమలో హిందువులకు కూడా ఉంటాయి. పీర్ల పండగకు అగ్గిగుండం చుట్టూ తిరిగే ఊళ్ళలో పిల్లలు లేనివాళ్ళు పీరుకు మొక్కుకుంటారు, పుట్టిన బిడ్డకు ఆ పేరు పెడతారు. ఇంతమంచి చరిత్ర ఉన్న పేరు పరాయి నగరంలో రెజ్యూమే పైభాగాన అచ్చయితే ఏమవుతుంది?

దీనికి మన దేశంలోనే పరీక్ష జరిగింది. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు 2005 నుంచి 66 వారాలు ఇంగ్లీషు పత్రికల్లో వచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపించారు. చదువులు సమానం, పేర్లు వేరు. పై కులం పేరుతో పోలిస్తే పిలుపు వచ్చే అవకాశ నిష్పత్తి దళితుడి పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. 2007లో ఇది అచ్చయింది. ముఖం చూడకుండా, మాట వినకుండా, కేవలం పేరు చదివి చేసిన వడపోత అది. ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న ఆదోని లాంటి ఊరు ఈ అంకెను మామూలుగా చదవలేదు. పేరును కంప్యూటర్ చదివితే బాగుపడుతుందనుకునేవాళ్ళు అమెజాన్ అనుభవం గుర్తుంచుకోవాలి. పాత రెజ్యూమేలు చూపించి నేర్పిన వాళ్ళ యంత్రం ఆడవాళ్ళ దరఖాస్తులను కిందికి నెట్టిందని 2018లో బయటపడింది, ఆ ప్రయత్నం అప్పటికే మానుకున్నారు.

ఆడవాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఎమ్మిగనూరు పోదాం. 1938లో మాచాని సోమప్ప చేనేతకారులను కూడగట్టి సహకార ఉత్పత్తి, విక్రయ సంఘం స్థాపించాడు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సొసైటీ దుప్పటి, సొసైటీ తువ్వాలు అంటే కొన్నవాడు వెనక్కి తిరిగి చూడాల్సిన పని ఉండేది కాదు. సంఘం ముద్రే సర్టిఫికెట్. ఆ ముద్ర బట్టకు పూచీ పడింది. బట్ట నేసిన చెయ్యి ఎవరిదో కొనేవాడికి తెలియదు. సంఘం వెలుగు తగ్గాక ఆ చేతులకు తమదంటూ చూపించుకునే కాగితం లేకపోయింది. 2019 డిసెంబరులో నేతన్న నేస్తం పథకం కింద ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చినప్పుడు సొంత మగ్గం ఉండాలన్నది షరతు. మాస్టర్ వీవర్ మగ్గం మీద కూలికి నేసేవాడు ముప్పై ఏళ్ళు నేసినా ఆ షరతు ముందు నేతన్న కాలేకపోయాడు. ఇక పడుగు సిద్ధం చేసి, కండెలు చుట్టి, తెగిన పోగులు అతికే ఇల్లాలి పని లేకుండా ఒక్క గజం బట్ట కూడా దిగదు. ఆమె రెజ్యూమే అంటూ ఉంటే అందులో రాసే మాట గృహిణి. కూతురు చదువుకుంటే ఇంకో చిక్కు: మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. తను తనే అని నిరూపించుకోవడానికి అఫిడవిట్లు.

ఆదోని పత్తి యార్డులో మనిషిని కాకపోయినా పత్తిని ఎలా చూస్తారో చూడండి. రాష్ట్రంలో పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి అది. సీజన్‌లో బోరాలు, హమాలీలు, కమీషన్ ఏజెంట్లు. కొనేవాడు కుప్ప పైన కనిపించే పత్తిని నమ్మడు. లోపలికి చెయ్యి పెట్టి పిడికెడు తీస్తాడు. రెండు చేతుల వేళ్ళ మధ్య పింజె పెట్టి మెల్లగా లాగి పోగు పొడవు చూస్తాడు, గింజ కొరికి తేమ చూస్తాడు. భారత పత్తి సంస్థ (సీసీఐ) మద్దతు ధరకు కొంటే తేమ 8 నుంచి 12 శాతంలోపు ఉండాలని యంత్రం పెట్టి కొలుస్తుంది. రైతుకు ఇందులో జరిగే అన్యాయాలు నాకు తెలుసు, తేమ పేరు చెప్పి ధర కోసిన రోజులు ఈ యార్డు ఎన్నో చూసింది. అయినా సరుకును తాకి చూడాలన్న నియమం మాత్రం మంచిదే. మనిషిని తీసుకునేటప్పుడు ఆ పని చేయం, కుప్ప పైభాగమే చూసి బేరం ముగిస్తాం.

ఈ తాకి చూడటం ఎంత పనికొస్తుందో కొలిచినవాళ్ళున్నారు. ష్మిట్, హంటర్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు 85 ఏళ్ళ పరిశోధనలను కూడదీసి 1998లో ఒక లెక్క ఇచ్చారు. ఉద్యోగంలో రేపటి పనితనాన్ని ఏది బాగా పసిగడుతుంది? సున్నా నుంచి ఒకటి దాకా కొలిస్తే పని చేయించి చూడటానికి 0.54, అందరినీ ఒకే ప్రశ్నలతో పద్ధతిగా అడిగే ఇంటర్వ్యూకు 0.51, అనుభవపు సంవత్సరాలకు 0.18, చదివిన సంవత్సరాలకు 0.10. 2022లో పాల్ సాకెట్ బృందం ఈ లెక్కల్లో లోపాలు ఎత్తిచూపి అంకెలను తగ్గించింది. ఆ కొత్త లెక్కలో పద్ధతైన ఇంటర్వ్యూ 0.42తో మొదట నిలిచింది, పని చేయించి చూడటం 0.33 దగ్గర ఉంది. అంకెలు తగ్గినా, ఎదురుగా కూర్చోబెట్టి చూడటంలో తెలిసేది ఎక్కువన్న మాట నిలబడింది. అయినా కంపెనీలు రెజ్యూమేను వదలవు. వేలమందితో పని చేయించి చూడటానికి డబ్బవుతుంది, కాగితం చదవడానికి కాదు.

ఇంత రాశాక కాగితాలన్నీ చించెయ్యమంటానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కాగితం లేని రోజుల్లో ఈ పక్క ఉద్యోగం ఎలా దొరికేది? రెడ్డిగారి మాట మీద, కరణంగారి చీటీ మీద, ఫలానావాడి కొడుకని. పెద్దవాళ్ళు తెలియని ఇంటి బిడ్డకు ఆ చీటీ రాసేవాడు లేడు. మాల, మాదిగ పేటల నుంచి, బోయ గేరీల నుంచి మొట్టమొదట టీచరై, గుమస్తా అయి, కానిస్టేబులై నిలబడ్డవాళ్ళను నిలబెట్టింది మార్కుల మెమోయే. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి పెట్టె అడుగున దాచిన తల్లి దాని విలువ తెలియక దాచలేదు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో లక్షా ఇరవై ఆరు వేల ఉద్యోగాలకు రాత పరీక్ష పెడితే ఇరవై లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ గుంపులో ఆదోని వైపు పిల్లలూ ఉన్నారు. వాళ్ళు కోరుకున్నది ఎవరి ముఖమూ చూడకుండా దిద్దే పేపరు. మనిషిని ‘మొత్తంగా’ చూసి తీసుకుంటామనే మాట వినడానికి బాగుంటుంది, చూసేవాడి కులం, ఊరు, చుట్టరికం ఆ మొత్తంలోకి దూరిపోతాయి. దాచడంలోనూ మేలుంది. పరీక్ష పేపరు మీద హాల్‌టికెట్ నంబరే ఉండటం పేదవాడికి దొరికిన రక్షణ.

సీమకే ప్రత్యేకమైన ఒక మచ్చ ఉంది, అది కూడా ఇక్కడే చెప్పాలి. ఊళ్ళో గొడవ జరిగితే అవతలి వర్గంలో చదువుకున్న కుర్రాళ్ళ పేర్లు కేసులో ఇరికించడం పాత ఎత్తు. ఉద్యోగం రాకుండా చేయడానికి అంతకంటే చౌకైన మార్గం లేదు. అటెస్టేషన్ ఫారంలో ‘ఎప్పుడైనా కేసు నమోదైందా’ అన్న గడి దగ్గర ఆ కుర్రాడి చెయ్యి ఆగుతుంది. రాస్తే భయం, దాస్తే నేరం. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చిన్న వయసులో జరిగిన చిన్నపాటి కేసును దాచినా యజమాని దాన్ని క్షమించవచ్చని, గుడ్డిగా తీసేయకుండా పరిస్థితులు చూడాలని చెప్పింది. నిజం రాయమనే నేనూ చెబుతాను. కానీ అవును, కాదు అన్న గడిలో ఫ్యాక్షన్ ఊరి కథ పట్టదు.

నకిలీల గురించి క్లుప్తంగానే చెబుతాను, పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. హైదరాబాదులో చేయని ఉద్యోగానికి ఎక్స్‌పీరియన్స్ లెటర్లు దొరుకుతాయి. అమెరికాలో 2011లో ట్రై-వ్యాలీ అనే బూటకపు యూనివర్సిటీ మూతపడ్డప్పుడు కాళ్ళకు నిఘా పట్టీలు వేయించుకున్నవాళ్ళలో తెలుగు పిల్లలున్నారు. 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ అయితే అధికారులే వల పన్ని నడిపిన ఉత్తుత్తి యూనివర్సిటీ. అబద్ధపు కాగితానికి నష్టపోయేది నిజమైన కాగితం ఉన్నవాడే. వరుసలో నకిలీ కాగితం తెచ్చినవాడి వెనక ఆదోని నుంచి వచ్చిన మరొక పిల్లవాడు నిలబడి ఉంటాడు, అతని కాగితాన్ని కూడా అనుమానంగానే తిప్పి చూస్తారు.

తెలుగు నేల ఒక మంచి దారి ఎప్పుడో వేసింది. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. తర్వాత అంబేద్కర్ పేరు పెట్టుకున్న ఆ సంస్థ, టెన్త్ లేనివాడు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చని తలుపు తీసింది. నీ దగ్గర ఏ కాగితముందని అడగకుండా, నీకేం తెలుసో రాసి చూపించమంది. అలా డిగ్రీ తెచ్చుకున్నవాళ్ళకు తర్వాత టెన్త్, ఇంటర్, డిగ్రీ వరుస తప్పిందన్న అడ్డంకులు ఎదురైనా ఆ ఆలోచన గొప్పది. 2015 నుంచి కేంద్ర నైపుణ్య పథకంలో పాత పని అనుభవాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. మగ్గం మీద కూర్చోబెట్టి చూసి ఇచ్చే కాగితమైతే నేను దానికి చేతులెత్తి మొక్కుతాను. ఆ కాగితం చూసి కూలి పెంచే యజమాని కూడా ఉండాలి, ఆ పని ఇంకా మొదలుకాలేదు.

మొన్న ఒక కుర్రాడు రెజ్యూమే దిద్దిపెట్టమని వచ్చాడు. డిగ్రీ అయింది, మధ్యలో రెండేళ్ళు ఖాళీ.

“ఈ రెండేండ్లు యాడున్యావు?”

“సుగ్గికి పోయింటిమి సార్. అదేం రాయల్ల సార్ దాంట్లో?”

రాద్దామన్నాను. గుంటూరు జిల్లాలో మిరప కోత, పత్తి తీత, పదిహేను మంది గుంపుకు కూలి లెక్కలు, తూకం, బియ్యం పప్పుల ఖర్చు. అడిగితే అడిగినకొద్దీ చెప్పాడు. లెక్కల పుస్తకం ఇంకా ఇంట్లో ఉందట, అమ్మ పారెయ్యనివ్వలేదట. అన్నీ రాస్తే ఐదు వరుసలైంది. ఒక పేజీలో పట్టించడానికి ఆబ్జెక్టివ్‌లోని నాలుగు ఇంగ్లీషు వాక్యాలు తీసేశాం. ప్రింటు చేతికిచ్చాక ఆ ఐదు వరుసలూ వేలు పెట్టి రెండుసార్లు చదువుకుని, వాళ్ళమ్మకు చదివి వినిపించాలి, తెలుగులో కూడా ఒకటి రాసిమ్మని అడిగాడు.